ఓర్పుకు మార్కులు

ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్న నాకు ఈసారి నర్సింగ్ డిగ్రీ ప్రవేశాల ఇంటర్వ్యూ బృందంలో కూర్చునే అవకాశం వచ్చింది. అభ్యర్థులు వరుసగా గదులు మారుతూ వెళ్తారు; ఒక్కో గదిలో స్పందించాల్సిన ఒక్కో సందర్భం, కొద్ది నిమిషాల సమయం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి ఇది. స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగుల పట్ల జరిగిన నిర్లక్ష్యంపై 2013లో ఫ్రాన్సిస్ నివేదిక వచ్చాక, విద్యార్థుల ఎంపికలో విలువలనూ చూడాలన్న పట్టుదల ఇక్కడ పెరిగింది.

నా గదిలో సందర్భం: మందు వద్దంటున్న వృద్ధురాలు. ఒక అమ్మాయి ఆ మందు ఉపయోగాలన్నీ గడగడా చెప్పింది. మరో అబ్బాయి "ఎందుకు వద్దనుకుంటున్నారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాడు. అలా ఆగినందుకే అతనికి ఎక్కువ మార్కులు వేశాను.

అయితే "మీకు ఓర్పు ఉందా?" అని ప్రశ్నపత్రం ఇచ్చి వ్యక్తిత్వాన్ని కొలవడం నాకు నచ్చదు. సీటు కావాలనుకునేవారు లేదని ఎందుకు రాస్తారు? ఇలాంటి ఇంటర్వ్యూల్లో మితభాషులకు అన్యాయం జరుగుతుందనే దిగులు కూడా ఉంది. నేను చూసిన మంచి నర్సుల్లో చాలామంది తక్కువ మాట్లాడేవారే.

మన నీట్‌లో 720 మార్కులూ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలవే. ఇంటర్వ్యూలు పెడితే సిఫారసులు చొరబడతాయన్న భయం నిజమే. కానీ 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ప్రవర్తన, నైతికత, సంభాషణల పాఠాలు ఉన్నాయి. వాటినైనా హాజరు కోసం కాకుండా మనసుపెట్టి చెప్పాలని అక్కడి అధ్యాపకులను కోరుతున్నాను.