బైకులు చూద్దామని వెళ్తే తుపాకులు

స్టాక్‌హోమ్ నుంచి యోన్‌షోపింగ్‌కి రైలు టికెట్ ధర చూడగానే సగం ఉత్సాహం చచ్చిపోయింది. నెషోలో రైలు మారేటప్పుడు తాగిన కాఫీ మిగతా సగాన్నీ మింగేసింది. అక్కడి నుంచి సిటీ బస్సులో హస్క్‌వార్నా. అక్కడ అదే పేరున్న కంపెనీ మ్యూజియం చూసి తీరాలని మా తమ్ముడి పోరు. హైదరాబాద్‌లో వాడు నడిపేది ఆ పేరున్న బైకే మరి.

తీరా వెళ్తే ఎదురైనవి తుపాకులు. 1689లో రాజుగారి ఆయుధాల కార్ఖానాగా పుట్టిందట ఈ కంపెనీ. కుట్టుమిషన్లు, బైకులు, రంపాలు అన్నీ ఆ తర్వాతే. బండి మీద మావాడు మురిపెంగా తుడుచుకునే గుర్తు కూడా తుపాకీ మూతి, దానిమీద గురి చూసుకునే ముక్కానూ!

వాడు బైకుల వైపు పోయాడు. నేను స్వీడన్ సైన్యం పాత తుపాకీ ఎం/96 రైఫిల్ ముందు ఒక పెద్దాయనకు దొరికిపోయాను. జర్మన్ మౌజర్ డిజైన్, 6.5 మిల్లీమీటర్ల తూటా. ఎస్కిల్‌స్టూనాలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో 1898 నుంచి 1925 దాకా చేశారు. మధ్యలో కొన్ని జర్మనీలోనే చేయించారు గానీ, ఉక్కు మాత్రం స్వీడన్‌దే వాడాలని షరతు పెట్టారట. ఆయన ఉత్త చేతులతోనే బోల్టు (తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ) పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోశాడు. "ఇదిగో, ఇక్కడ బరువు తగులుతుంది" అన్నాడు. తూటాను పేల్చే స్ప్రింగు దీంట్లో బిగిసేది ముందుకు తోసేటప్పుడు. తర్వాత వచ్చిన మౌజర్‌లో పిడి ఎత్తగానే బిగుస్తుంది.

నన్ను ఆపేసింది మాత్రం భుజానికి ఆనించే చెక్క మడమకు కుడివైపు బిగించిన ఇత్తడి బిళ్ళ. గొట్టం లోపలి కొలత ఎంత, లోపల ఏ మేరకు పాడైంది, గుండు గురికన్నా ఎంత పైకి పోతుంది, అన్నీ దానిమీదే. మన లారీల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిదే, కాకపోతే ఇది నిజంగా తనిఖీ చేసి ఇచ్చింది. తుపాకీ కొత్తగా చేతికందిన సిపాయికి దాని గుణం చూడగానే తెలిసిపోయేది. పైగా 1814 తర్వాత ఈ దేశం యుద్ధమే చేయలేదు! ఫిన్లాండ్‌కు సాయంగా వెళ్లిన స్వీడన్ వాలంటీర్లు మాత్రం వీటితో పోరాడారు.

"ఇప్పుడు ఆ తూటాతో ఏం చేస్తారు?" అని అడిగాను. దుప్పి కన్నా చాలా పెద్దదైన మూస్‌ను ఏటా వేటాడతామన్నాడు. మా దగ్గర దుప్పిని కొడితే జైలే అన్నాను. ఆయన నమ్మలేదు.