ఐదు ఫ్రెంచ్ స్వింగ్ పాటలు తెమ్మన్నారు, నాకు రెండు నెలలు పట్టింది

ఫ్రాన్స్‌లో తులూజ్ వచ్చి మూడేళ్ళయింది. పగలంతా ఆఫీసు, సాయంత్రం గదిలో గోడలు చూస్తూ కూర్చోవడం, ఇలా అయితే పిచ్చెక్కుతావని ఆఫీసులో ఒకావిడ లిండీ హాప్ క్లాసుకి లాక్కెళ్ళింది. న్యూయార్క్ హార్లెంలో సవాయ్ బాల్‌రూంలో ఆఫ్రికన్ అమెరికన్లు పెంచిన డాన్స్ అది, స్వింగ్ అనే ఉషారు జాజ్ సంగీతానికి చేసేది, ఇద్దరు చేతులు పట్టుకుని చేస్తారు, లెక్క ఎనిమిది. మా అక్క చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని విన్న తకధిమి తకఝణు ఉంది కదా, అదే నన్ను కాపాడింది, లేకపోతే మొదటి నెలే మానేసేవాణ్ణి.

ఏప్రిల్లో టీచర్ అన్నాడు, జూన్ ఆఖర్లో క్లాసు వాళ్ళందరికీ ఒక డాన్స్ రాత్రి పెడుతున్నాం, ఈసారి అన్నీ ఫ్రెంచ్‌లో పాడిన పాటలే, తలా ఐదు తీసుకురండి అని. ఐదేగా, అదీ ఫ్రాన్స్‌లో కూర్చుని, ఒక ఆదివారం పని అనుకున్నా.

ఫోన్లో "ఫ్రెంచ్ జాజ్" అని కొడితే ఏమొస్తాయో తెలుసా, వాన చప్పుడు, కాఫీ కప్పుల చప్పుడు, మధ్యలో నిద్రమత్తు అకార్డియన్. పాడినవాడి పేరు కూడా ఉండదు. వాటికి డాన్స్ కాదు, కునుకు వస్తుంది.

తర్వాత అందరూ చెప్పే పేరు జాంగో రైన్‌హార్ట్. 1934లో వయొలిన్ వాయించే స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి హాట్ క్లబ్ క్వింటెట్ అని ఐదుగురి బృందం పెట్టాడు, విన్నవాళ్ళకి మతిపోయే గిటారు, కానీ నాకు కావాల్సింది పాట, వీళ్ళవి ఎక్కువగా వాయిద్యాలే, గొంతు వినిపించినా కొన్నిసార్లు అది ఇంగ్లీషు. పైగా మొత్తం తీగ వాయిద్యాలే, డ్రమ్స్ లేవు, వెనక రెండు గిటార్లు చక్‌చక్‌మని కొట్టే దాన్నే ఇక్కడ పోంప్ అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది గానీ అందులో స్పీడు పాటలకి నాలాంటి వాడి కాళ్ళు అందవు. ఒక చిన్న సంగతి తర్వాత తెలిసింది, 1939లో యుద్ధం మొదలైనప్పుడు బృందం లండన్‌లో ఉంది, గ్రాపెల్లీ అక్కడే ఉండిపోయాడు, జాంగో పారిస్ వచ్చేసి 1940లో వయొలిన్ బదులు క్లారినెట్ పెట్టుకున్నాడు, డ్రమ్స్ కూడా వచ్చాయి. వాయిద్యాల పాటలు చాలనుకునేవాళ్ళు ఆ తర్వాతి రికార్డింగ్‌లు వెతుక్కోండి, కాళ్ళకి ఆసరా దొరుకుతుంది.

సరే ఫ్రెంచ్ పాటలంటే ఎడిత్ పియాఫ్ కదా అని అటు వెళ్ళా. ఆ గొంతుకి దండం పెట్టొచ్చు, కానీ నేను ఏరుకున్న రెండూ వాల్ట్జ్‌లే, మూడు లెక్క. మ్యూజెట్ అని పారిస్ డాన్సుల అకార్డియన్ పాటలుంటాయి, వాటిలో కూడా సగం అంతే. అప్పటినుంచి నా టెస్ట్ ఒకటే, పాట మొదలవగానే వంటింటి గట్టు మీద వేళ్ళతో వేసి చూడటం, తకిట తకిట అని పడితే పక్కకి, తకధిమి అని పడితే లిస్టులోకి. నాలుగైతే స్పీడు లెక్క, 15 సెకన్లలో ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి నాలుగుతో గుణించడం. నిమిషానికి 120 నుంచి 180 మధ్యలో ఉంటే మా క్లాసుకి బాగుంటుంది, 200 దాటితే సీనియర్లు నవ్వుతూ చేస్తారు, మనం నీళ్ళు తాగడానికి వెళ్ళినట్టు నటించాలి.

మూడు వారాలు ఇలాగే పోయాయి. చివరికి దారి చూపించింది లైబ్రరీ, రైల్వే స్టేషన్ దగ్గర మరెంగోలో జోజె కబనిస్ అని పెద్ద లైబ్రరీ ఉంది, అందులో సంగీతానికి వేరే విభాగం. అక్కడ కూర్చున్న పెద్దాయనకి నా వచ్చీరాని ఫ్రెంచ్‌లో విషయం చెప్తే, "జాజ్ అనే మాటతో వెతక్కండి, 1935 నుంచి 1945 మధ్య పాడినవాళ్ళ పేర్లతో వెతకండి" అని, ఫ్రెమో వాళ్ళు వేసిన పాత రికార్డుల సీడీ సెట్లు చేతిలో పెట్టారు. లోపల లావుపాటి బుక్‌లెట్, ఏ పాట ఏ రోజు రికార్డ్ చేశారో, ఎవరు ఏం వాయించారో అంతా ఉంటుంది. సీడీ ప్లేయర్ లేదండీ అంటే జాలిగా చూశారు.

ఇక అక్కణ్ణుంచి పండగే. షార్ల్ ట్రెనే, ఈయన్ని "పాడే పిచ్చోడు" అనేవారు, 1937లో పాడిన "జ్ షాంత్" వింటే ఎగిరి గంతేయాలనిపిస్తుంది, మాటలు అర్థం చేసుకుంటే మాత్రం ఆకలితో పడిపోయిన దేశదిమ్మరిని పోలీసులు పట్టుకెళ్తే వాడు అక్కడే ఉరేసుకుని దెయ్యమై, ఇప్పుడు హాయిగా ఉందని పాడతాడు. ఇంత ఉషారు ట్యూన్‌కి ఆ కథా! 1938 నాటి "బూమ్" కూడా ఈయనదే, డాన్స్‌కి అదింకా బాగుంది.

ట్రెనేతో మొదట్లో జంటగా పాడిన జానీ హెస్ 1938లో "జ్ సుయి స్వింగ్" పాడాడు. 1942లో "ఇల్ సోం జాజూ". జాజూలంటే జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో పొడుగు కోట్లేసుకుని, జుట్టు పెంచుకుని, స్వింగ్ అంటే పడిచచ్చే కుర్రకారు. బట్టకి రేషన్ ఉన్న రోజుల్లో కావాలని పొడుగు కోట్లు. ప్రభుత్వానికి వీళ్ళంటే ఒళ్ళుమంట. అప్పట్లో బయట డాన్సులు నిషేధం, అమెరికన్ పాటల పేర్లు ఫ్రెంచ్‌లోకి మార్చి వాయించేవారట. ఇది చదివాక ఆ పాట నాకు వేరేగా వినిపించింది. యానాంలో మా అమ్మమ్మ తమ్ముడు ఉన్నారు, ఫ్రెంచ్ వాళ్ళ కాలంలో బళ్ళో చదువుకున్నారు, ఆయనకి ఫోన్ చేసి జాజూ అంటే ఏంటి తాతయ్యా అన్నా. "అలాంటి మాట మా మేష్టారు చెప్పలేదురా, ఎవరితో తిరుగుతున్నావు?" అన్నారు.

రే వెంచురా బ్యాండ్‌ది 1935 నాటి మార్కీజ్ పాట ఇక్కడ ముసలాళ్ళందరికీ నోటికొచ్చు. ఊరెళ్ళిన జమీందారిణి ఇంటికి ఫోన్ చేస్తే నౌకరు అంతా బాగానే ఉందమ్మగారూ, మీ గుర్రం ఒక్కటి చచ్చిపోయింది అంటాడు, తర్వాత కొట్టం తగలడింది, కోట తగలడింది, అయ్యగారు పోయారు అని ఒక్కొక్కటే బయటికొస్తుంది. నవ్వులే నవ్వులు, కానీ డాన్స్‌కి పెడితే అందరూ ఆగి పాడటం మొదలెడతారు, తీసేశా. అదే బ్యాండ్‌ది "కెస్ కోన్ అతాం పుర్ ఎత్ర్ ఉరూ" పెట్టుకున్నా, సంతోషంగా ఉండటానికి ఇంకా దేనికోసం చూస్తున్నాం అని అర్థం.

కొత్తవాళ్ళలో జాజ్ (ఆ అమ్మాయి పేరే అది, సంగీతం కాదు) 2010లో పాడిన "జ్ వు" బాగుంది. పింక్ మార్టినీ అనే బ్యాండ్ పాట చెప్తే మా ఫ్రెంచ్ వాళ్ళు నవ్వారు, వాళ్ళు అమెరికా వాళ్ళట, అయినా పాడింది ఫ్రెంచ్‌లోనేగా అని నేను వాదించా. కారవాన్ పాలస్ దానికి ఉల్టా, ఫ్రాన్స్ బ్యాండే, మాటలు ఎక్కువగా ఇంగ్లీషు. 1954లో బ్లూ స్టార్స్ అనే బృందం ఒక అమెరికన్ జాజ్ పాటని ఫ్రెంచ్‌లో పాడింది, పిట్టల దేశం కథ అని పేరు, గొంతులు ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా, స్పీడు మధ్యస్తం, నేను తెచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

రిహార్సల్లో పరువు పోయింది లెండి. తులూజ్‌లో పుట్టిన క్లోద్ నూగారో 1962లో పాడిన "ల జాజ్ ఎ లా జావా" తెచ్చా, ఊరివాడు, పేరులోనే జాజ్, ఇంకేం కావాలని గట్టు మీద వేసి చూడలేదు. జావా అంటే మూడు లెక్క డాన్స్, పాటలో రెండిటికీ పోటీ, మూడూ నాలుగూ మారి మారి వస్తాయి. నిమిషంలో పది జంటలు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నాయి, టీచర్ గోడకి ఆనుకుని నవ్వుతూనే ఉన్నాడు.

ఇంకో కష్టం సౌండ్. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో ఒక్కో పక్క మూడు నిమిషాలే పడుతుంది, అది డాన్స్‌కి వరం, పార్ట్‌నర్ నచ్చకపోయినా మూడు నిమిషాలు భరించొచ్చు. కానీ కొత్త పాట వెనకే పెడితే పాతది దోమ పాడినట్టు ఉంటుంది. కరకర మొత్తం తీసేశాం అని గొప్పగా పెట్టే వెర్షన్లు ఇంకా ఘోరం, నీళ్ళ బిందెలో తల పెట్టి విన్నట్టు. కొంచెం కరకర ఉన్నా సీడీల నుంచి తీసుకున్నవే వాడాం, పాతవన్నీ ఒక వరసలో పెట్టి వాల్యూం పెంచాం.

చివరికి నా ఐదు: బూమ్, జ్ సుయి స్వింగ్, రే వెంచురాది, బ్లూ స్టార్స్, జ్ వు. జూన్ రాత్రి ఐదిటికీ ఫ్లోర్ నిండింది, బూమ్‌కి అయితే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా దిగారు. నూగారో పాట లెక్క మాత్రం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. మొన్న మెట్రోలో బ్యాగు మీద తకిట తకిట తకధిమి అని వేసుకుంటుంటే పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది.