కథలో లేని రెండు నిమిషాలు

నా జబ్బు గురించి నేను పూర్తిగా చెప్పలేను. మొదలు చెప్పగలను, చివర చెప్పగలను. మధ్యలోని రెండు నిమిషాల సంగతి మా అక్క చెప్పాలి. కడుపులో నుంచి ఏదో సన్నగా గొంతు దాకా లేచి వస్తుంది, ఎదురుగా జరుగుతున్నదంతా ఇదివరకే ఒకసారి జరిగినట్టు అనిపిస్తుంది, ఆ తరువాత నాకు తెలిసేది చేతిలో ఉండవలసిన పుస్తకం కింద పడి ఉండడం మాత్రమే.

మొదట చూపించుకున్న వైద్యుడికి "కళ్లు తిరిగినట్టు అయింది" అని చెప్పాను. ఈ ఒక్క మాటను మనం ఎన్ని అవస్థలకు వాడతామో అప్పటికి నేను ఆలోచించలేదు. గది గిర్రున తిరిగినా కళ్లు తిరగడమే, లేచి నిలబడగానే చూపు మసకబారి పడిపోబోయినా కళ్లు తిరగడమే, నడకలో తూలినా, బుర్ర మొద్దుబారినా అదే మాట. మొదటిది చాలాసార్లు లోపలి చెవికి సంబంధించినది, రెండవది రక్తపోటుకో గుండెకో సంబంధించినది కావచ్చు. నాది ఈ రెండూ కాదు. ఏ అర్థంలో అన్నానో ఆయన అడగలేదు, విడమరిచి చెప్పాలని నాకూ తోచలేదు. ఎనిమిది నెలలు చెవికి మందులు వాడాను. బయట ఇంకా ఎందరో వేచి ఉన్నారు కనుక ఆయనను నిందించడానికి నాకు మనసు రాదు. కాని నా వైద్యం దారి తప్పింది ఆ మాట దగ్గరే.

తరువాత చూసిన న్యూరాలజిస్టు, అదే మాట నా నోట రాగానే, "ఆ మాట వాడకుండా చెప్పండమ్మా" అన్నారు. చాలాసేపు నాకు మాటలు దొరకలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. చివరగా గుర్తున్నది ఏమిటి, ఆ తరువాత మొట్టమొదట గుర్తుకు వచ్చేది ఏమిటి అని మాత్రం అడిగారు. ఆ రెంటి మధ్యా ఖాళీ ఉందని తేలగానే మా అక్క వైపు తిరిగి, "మీరు చూసింది చెప్పడం కాదు, చేసి చూపించండి" అన్నారు. అక్క కాసేపు మొహమాటపడి, తరువాత కళ్లు ఒకేచోట నిలిపి, ఏదో రుచి చూస్తున్నట్టు పెదవులు చప్పరిస్తూ, కుడి చేతి వేళ్లతో చొక్కా అంచును నలపడం మొదలుపెట్టింది. నన్ను నేను మొదటిసారి చూసుకున్నది అప్పుడే. అప్పటికి మెదడులోని విద్యుత్ కదలికలను నమోదు చేసే ఈఈజీలో గాని ఎంఆర్ఐలో గాని ఏమీ కనబడలేదు. మూర్ఛవ్యాధి (ఎపిలెప్సీ) ఉన్నవారిలో సైతం మొదటిసారి తీసిన మామూలు ఈఈజీ దాదాపు సగం మందిలో మామూలుగానే ఉంటుందని, మూర్ఛంటే కొట్టుకుంటూ కింద పడిపోవడం ఒక్కటే కాదని, మెదడులో కణత వెనుక ఉండే భాగమైన టెంపోరల్ లోబ్‌లో పుట్టేది ఇలాగే ఉంటుందని ఆవిడ వివరించారు.

ఆ తరువాత చదువుతూ పోతే, ఈ జబ్బు గురించి వైద్యశాస్త్రానికి తొలి పాఠాలు నేర్పినవారిలో ఒక రోగి ఉన్నాడని తెలిసింది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో హ్యూలింగ్స్ జాక్సన్ అనే నాడీవైద్యుడు అతని పేరు బయటపెట్టకుండా 'జడ్' అనే అక్షరంతో అతని గురించి రాశాడు. జడ్ స్వయంగా వైద్యుడు. తన అనుభవాలను 1870లోనే మారుపేరుతో ఒక వైద్య పత్రికలో ప్రచురించాడు. ఒకసారి రోగిని పరీక్షించబోతుండగా అతనికి ఆ స్థితి వచ్చింది. తెలివి వచ్చేసరికి రాతబల్ల దగ్గర ఉన్నాడు. ఎడమ ఊపిరితిత్తి అడుగు భాగంలో న్యుమోనియా అని తన చేత్తోనే రాసి ఉంది, రాసినట్టు మాత్రం జ్ఞాపకం లేదు. మళ్లీ పరీక్షిస్తే ఆ రాత సరైనదే. అతను మరణించిన తరువాత మెదడును పరిశీలించి, ఎడమ టెంపోరల్ లోబ్ లోపలి అంచున చిన్న మచ్చంత దెబ్బతిన్న చోటును కనుగొన్నట్టు జాక్సన్ 1898లో ప్రకటించాడు. ఎక్కడ వెతకాలో చెప్పినవి జడ్ చెప్పుకున్న, పక్కనున్నవారు గమనించిన లక్షణాలే.

ఇతర వైద్యంలో కూడా ఇంతే. 1975లో బ్రిటన్‌లో ఆసుపత్రికి కొత్తగా వచ్చిన 80 మంది రోగులను గమనిస్తే, వారిని అక్కడికి పంపిన వైద్యుడి ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నంత మాత్రాన 66 మందిలో అసలు జబ్బు తెలిసిపోయింది. 1984లో అమెరికాలో మరో అధ్యయనం చేస్తే, రోగి మాట్లాడడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు వస్తున్నాడని తేలింది. నా కడుపులోని ఆ కదలిక గురించి చెప్పడానికే నాకు అంతకంటే ఎక్కువ సమయం పట్టింది.

అయితే మెదడు జబ్బులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విరిగిన కాలు గురించి చెప్పేది నోరు. చెడిన మెదడు గురించి చెప్పవలసింది ఆ మెదడే. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న కొందరు ఖాళీలను జరగని సంగతులతో నింపుతారు, అబద్ధం ఆడుతున్నామని వారికి తెలియదు. మెదడు కుడివైపు దెబ్బతిని, శరీరం ఎడమవైపు పక్షవాతం వచ్చిన కొందరు, కదలని ఎడమ చెయ్యి బాగానే ఉందని నిజాయితీగా చెబుతారు. అందువల్ల రోగి మాటను నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే సరిపోదని నాకు అనిపిస్తుంది. చెయ్యి బాగుందన్న ఆ మాట నిజం కాకపోయినా, దెబ్బ ఎక్కడ తగిలిందో అదే చెబుతోంది. వినే వైద్యుడికి ఈ సంగతి తెలిసి ఉండాలి, పక్కన చూసినవారిని కూడా కూర్చోబెట్టుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీ నాది, కుడి పేజీ అక్కది. తేదీ, సమయం ఇద్దరం వేస్తాం, ఒకరి రాత ఒకరం చూడకుండా రాస్తాం, డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. పోయిన నెల వచ్చినదానికి నా పేజీలో రెండు వరుసలు ఉన్నాయి, అక్క పేజీలో పద్నాలుగు. ఆమె చివరి వరుస ఇది: "నన్ను చూసి, నువ్వెప్పుడు వచ్చావక్కా అని అడిగింది. నేను పొద్దుటి నుంచి పక్కనే ఉన్నాను."