జాతర వారం మస్టరు

ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి నేను పోయింది 2023-24 పనుల మీద. మాది చిత్తూరు జిల్లానే, పోయింది పడమటి మండలాల్లో ఒకదానికి. సొంత పంచాయతీకి మమ్మల్ని ఎలాగూ పంపరు. అప్పటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తనిఖీ చేయాల్సింది గ్రామసభ. మేం దానికి కాగితాలు చదివి, తిరిగి చూసి చెప్పే మనుషులం.

శిక్షణలో గట్టిగా చెప్పిన మాట: ఊళ్లో పని చేయించి హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లోగానీ సర్పంచ్ ఇంట్లోగానీ చెయ్యి కడగొద్దని. అందుకే పడక బడి వరండాలో, సంగటి కూలీల ఇళ్లలో. (ఆ ఊళ్లో తిన్న ఊరిబిండి కారం ఇప్పటికీ మరిచిపోలేదు.)

మస్టర్లు (హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపుల జాబితాలు తీసుకుని ఇల్లిల్లూ తిరిగాం. "ఎన్ని రోజులు పనికి పోయినారక్కా?" అని అడిగితే ఎవరిదైనా ఒకటే జవాబు. "పోయినాం నాయనా, రాసినారు, డబ్బులు పడినాయి." 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైనప్పుడే మన జిల్లా కూడా మొదటి విడతలో ఉంది. తనిఖీ అంటూ వచ్చిపోయే వాళ్లను వాళ్లు చాలామందిని చూసుంటారు. ఫీల్డ్ అసిస్టెంట్ అదే వీధిలో ఉంటాడు, మేం నాలుగు రోజులుండి పోతాం. ఆ మాత్రం జాగ్రత్త ఉండదా?

మా బృందాన్ని నడిపించే డీఆర్పీ (జిల్లా రిసోర్స్ పర్సన్) అక్క తేదీలు అడగదు. "జాతరకు ముందు యాడ తవ్వినారు? జాతరైనాక యాడికి పోయినారు?" అంటుంది. మా వైపు ఉపాధి పని జోరందుకునేది ఎండాకాలంలో. గంగజాతరలు వచ్చేదీ అప్పుడే. ఒక పెద్దామె నవ్వేసింది. "జాతర వారం పనికెవురు పోతారు మే! ఇంటినిండా చుట్టాలు, పక్కన వేట కోస్తావుంటే గడ్డపార పట్టుకునేదెవురు?"

మస్టరు తిప్పితే ఆ వారం ఆరు రోజులూ ఆ శ్రమశక్తి సంఘంలో (కలిసి పనికి పోయే కూలీల జట్టులో) అందరికీ హాజరు. అందులో ఒకడు బెంగుళూరులో ఉంటాడు, ఊరికి వచ్చిందే జాతర రోజు. మరి ఫోటోలు? 2023 జనవరి నుంచి హాజరు యాప్‌లో పూటకొకటి ఎక్కించాలి కదా. ఎక్కించారు. పొద్దున ఫోటోలోనూ మధ్యాహ్నం ఫోటోలోనూ అవే ఎనిమిది ముఖాలు, నిలబడిన తీరూ ఒకటే.

ఇక్కడొక మెలిక ఉంది. మట్టి పనిలో కూలి కట్టేది కొలతను బట్టి. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజుకూలి 272 రూపాయలని ప్రకటించినా, దానికి సరిపడా మట్టి కొలతలో తేలకపోతే అంత రాదు. కాబట్టి ఉత్తుత్తి హాజరు వేసినంత మాత్రాన డబ్బు రాదు, ఉత్తుత్తి మట్టి కూడా చూపించాలి. అది యాడినుంచి వచ్చిందా అని వెతికితే సేద్యపు కుంట దగ్గర తేలింది.

ఎం-బుక్కులో పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు లోతు, 200 ఘనపు మీటర్లు. టేపు పట్టుకుని దిగాం. "వానకు మట్టి చేరిందండీ, ఇప్పుడు కొలిస్తే తక్కువే వస్తుంది" అన్నారు కొలతలు రాసే టెక్నికల్ అసిస్టెంట్. తీసిపారేసే మాట కాదు, ఒండ్రు చేరుతుంది. గడ్డపార దించితే జానెడు మెత్తగా దిగి గట్టి నేల తగిలింది. లోతు అక్కడినుంచే పట్టాం, రెండు మీటర్లు సరిగ్గా ఉంది. పై అంచు కూడా పదికి పది. కానీ కుంట గోడలు నిలువుగా తవ్వరు, వాలుగా తవ్వుతారు. గట్టి నేల దగ్గర ఆరు మీటర్లే, నడిమిలో ఎనిమిది. వాలు గోడల గుంతకు లెక్క ఇలా: పైన వైశాల్యం 100, అడుగున 36, నడిమి వైశాల్యం 64కు నాలుగింతలు 256. మొత్తం 392ను ఆరుతో భాగించి రెండుతో హెచ్చిస్తే 131కి దగ్గర. నిలువు గోడల పెట్టెలాగా లెక్క రాసేశారు. మిగతా 69 ఘనపు మీటర్లు ఎవరూ తవ్వలేదు. జాతర వారం కూలి అందులోంచే వచ్చింది.

నన్నడిగితే అంతకంటే పెద్ద లోపం రైతు చెప్పిందే. "కుంట నిండితే బోరు ఊరతాదన్నారు సార్. ఎగువన గట్టు అడ్డం ఉండాది, నీళ్లే రావు." మా ఫార్మాట్‌లో రోజులకు గడి ఉంది, రూపాయలకు గడి ఉంది, నీళ్లకు లేదు. రిమార్కుల్లో రాశాను.

ప్రజావేదిక, అంటే తనిఖీలో తేలినవి అందరి ముందూ చదివే సభ, మండల ఆఫీసు ముందర, షామియానా కింద. వాంగ్మూలం మీద వేలిముద్ర వేసినవాళ్లు కొందరు మైకు ముందుకొచ్చి "నేనట్ల చెప్పలే" అన్నారు. ఇది మామూలే. ఫీల్డ్ అసిస్టెంట్ ఆ వారం పని జరిగిందనే పట్టుబట్టాడు. అప్పుడు వెనక వరసలోంచి ఆ పెద్దామె లేచింది. "ఏమప్పా, ఆ పొద్దు మా ఇంట్లో కూర తిన్యావు గదా నువ్వు గూడా. పని యాడ జరిపించినావు?" షామియానా అంతా నవ్వులు. అతను మళ్లీ నోరెత్తలేదు.

69 ఘనపు మీటర్ల డబ్బు తిరిగి కట్టించుకోవాలని రికవరీ రాశారు. గట్టు తెరిచి కుంటకు కాలువ తీయించే సంగతి అడిగితే అది తనిఖీ పరిధిలోకి రాదన్నారు. వచ్చే ఏటి పనుల జాబితాలో చేర్చమని రైతుచేత అర్జీ రాయించి పంచాయతీలో ఇప్పించి, తరువాతి మండలానికి బస్సెక్కాం.