కూర్మనాథుడి గుడిలో ఒక శనివారం

ఆఫీసుకి సెలవే కానీ నెలాఖరు లెక్కల టెన్షన్ మాత్రం వదల్లేదు. పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని, "శ్రీకూర్మం ఎల్దాం రా బాబూ. నాన్న పోయి ఏడాది కావస్తంది, ఓసారి కోనేరు సూసొద్దాం" అంది. అలా అడిగాక కాదనడం ఎలా? శ్రీకాకుళం నుంచి 13 కిలోమీటర్లే. ఆటోలో బయల్దేరాం.

ముందు శ్వేత పుష్కరిణి దగ్గరికే వెళ్లాం. అస్థికలు కాశీలో కలిపినట్టే ఇక్కడా కలుపుతారు. నాన్నవీ ఇక్కడే కలిపాం. ఆ రోజు ఇక్కడ ఏమున్నాయో ఒక్కటీ నాకు గుర్తు లేదు. అయ్యగారు చెప్పినట్టు చేస్తూ పోయాను, అంతే. ఈరోజు అమ్మ మెట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

ఇక్కడి స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు కూడా రెండు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. చిన్నప్పుడు ఈ సంగతి నాన్నే చూపించాడు. దర్శనం తొందరగానే అయింది. అమ్మ కళ్లు మూసుకుని నిలబడిపోయింది. నాకు కళ్లు మూసుకుంటే లెక్కలే కదులుతాయి. ఏ గుడికెళ్లినా ఇంతే. అమ్మకున్న భక్తి నాకు లేదేమోనని లోపల బాధగా ఉండేది.

తర్వాత అమ్మ మోకాళ్ల నొప్పితో మండపంలో చతికిలబడింది. నేను స్తంభాల మధ్య తిరిగాను. నల్లరాతి స్తంభాలు. తరతరాల చేతులు తగిలి కొన్నిచోట్ల నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒకదాని మీద సన్నటి తీగ చెక్కి ఉంది. దాని వెంట వేలు పోనిచ్చాను. ఆకు దగ్గర వంపు తిరిగి, మొగ్గ దగ్గర ఆగి, మళ్లీ పైకి పాకింది. వెనక్కి వెళ్లి చూస్తే, స్తంభం గోడ వైపుకి తిరిగిన చోట కూడా అంతే శ్రద్ధగా ఉంది. అక్కడ ఎవరూ చూడరు. చెక్కినవాడికి అది తెలిసే ఉంటుంది. అయినా చెయ్యి తేలిక చెయ్యలేదు. ఎవరు చూస్తున్నారనుకుని చెక్కాడో నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఒళ్లు జలదరించింది.

స్తంభాల మీద శాసనాలు కూడా ఉన్నాయి. పాత తెలుగు అక్షరాలు, ఒకటీ అరా తప్ప నాకు అందలేదు. కళింగని ఏలిన తూర్పు గాంగ రాజుల కాలంలో చాలామంది ఈ స్వామికి అఖండ దీపాలు పెట్టించారు. అందుకోసం గండమాడలు అనే బంగారు నాణేలు ఇచ్చి, ఆ మాట రాతి మీద చెక్కించారు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులవారి 1281 నాటి శాసనం కూడా ఇక్కడుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ దీపాలే. తాను పోయాక కూడా స్వామి ముందు ఒక వెలుగు ఉండాలని కోరుకున్నవాళ్లు! నాన్న ఇంట్లో రోజూ సాయంత్రం దీపం ఒత్తి తనే సరిచేసేవాడు. చీకట్లో నిలబడి ఏడ్చాను. దుఃఖంతో కాదు. స్వామి చాలా దగ్గరగా ఉన్నట్టనిపించింది.

"రాతిని ఏటలా సూస్తన్నావు?" అంది అమ్మ.

"బాగుందమ్మా" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

ప్రదక్షిణ దారి గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి. కొన్నిచోట్ల పెచ్చులూడాయి. ఒకాయన బొమ్మకి వీపు ఆనించి ఫోన్ చూసుకుంటుంటే మనసు చివుక్కుమంది. చేతులు జోడించి, కొంచెం జరగమని అడిగాను. పాపం, జరిగాడు. ఇలాంటివి పోతే మళ్లీ గీయించలేం. గర్భగుడిలో ఉన్నంత జాగ్రత్తగా ఈ గోడల దగ్గరా ఉండాలి మనం.

బయటికొచ్చేముందు తాబేళ్ల దగ్గర ఆగాం. ఇవి నక్షత్ర తాబేళ్లు. నల్లటి డిప్పల మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. భగవద్గీతలో ఒక మాట ఉంది, తాబేలు తన అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను వెనక్కి తీసుకోవాలని. అమ్మకి అది చేతనవును. నాకు చేతకాదు. ఈరోజు మాత్రం చూస్తూ చూస్తూనే స్వామి దగ్గరికి చేరాననిపించింది.

అమ్మ తోటకూర కాడ ఒకటి అందించింది. ముడుచుకుని రాయిలా ఉన్న తాబేలు మెల్లగా తల బయటికి పెట్టి, మెడ చాపి, ఆకు కొసని అందుకుంది.

"మీ నాన్న ఉంటే ఇంకో అరగంట ఇక్కడే నిలబెట్టేసును" అంది అమ్మ.

నిలబడ్డాం.