సన్నటి అక్షరాలతో ఒక రోజు

ఈ రోజంతా ఫ్యూచురా లైట్ అనే సన్న గీతల ఇంగ్లీషు ఫాంట్‌తోనే సరిపోయింది. ఒక ఆర్కిటెక్ట్ గారికి విజిటింగ్ కార్డూ, గుమ్మం పక్కన పెట్టే బోర్డూ చేసివ్వాలి. "సన్నగా, నీట్‌గా ఉండాలండీ" అన్నారాయన. ఇంకేమీ చెప్పలేదు. ఆ మాటకి నాకు వెంటనే తట్టింది ఈ ఫాంటే.

జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ గీసిన ఈ అక్షరాలను ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. వృత్తం, త్రిభుజం, చతురస్రం తప్ప ఇంకేమీ లేనట్టు కనిపిస్తాయి. స్కేలూ కంపాసూ ఉంటే ఎవరైనా గీసేయొచ్చనిపిస్తుంది. నిజం వేరు. క్యాపిటల్ 'ఏ'ని స్క్రీన్ నిండా పెద్దది చేసి, పక్కన 'హెచ్' పెట్టి చూశాను. 'ఏ' మొన 'హెచ్' నెత్తి దాటి కాస్త పైకి పోయింది. సరిగ్గా అదే ఎత్తులో ఆపితే, మొన సన్నం కాబట్టి అక్షరం పొట్టిగా కనిపిస్తుంది. చిన్న 'బి'లో గుండ్రటి గీత నిలువు గీతను తాకే చోట కొంచెం సన్నబడుతుంది, లేకపోతే అక్కడ నల్లగా ముద్దకడుతుంది. 'ఈ', 'ఎఫ్'లు ఇరుకు, 'ఓ' విశాలం. ఆ కొలతలు పాత రోమన్ శిలాశాసనాల నుంచి వచ్చినవి. లెక్క కుదిరిన చోట కూడా కంటి మాటే విన్నాడు రెన్నర్. నాకు ఆయన మీద గౌరవం అందుకే. 1933లో నాజీలు ఆయన్ని అరెస్టు చేశారు, ఉద్యోగం పోయింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి ఆయన అక్షరాలే.

కార్డు దగ్గర మాత్రం చాలాసేపు పట్టింది. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు కావాలన్నారు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ఇంకు కాస్త పాకుతుంది, ఏడు పాయింట్ల సైజు లైట్ అక్షరాల్లోకి నీలం చొరబడి గీతలు తెగిపోతాయి. అందుకని పేరు ఒక్కటే పెద్దగా లైట్‌లో ఉంచి, ఫోన్ నంబరు, అడ్రసు ఇదే ఫాంట్‌లో ఇంకాస్త మందంగా ఉండే మీడియమ్‌లోకి మార్చాను. పేరులో 'ఏ', 'వి' పక్కపక్కన పడ్డాయి. వాటి వాలు గీతల మధ్య ఖాళీని చేత్తో దగ్గరికి జరిపాను. బోర్డు చేసేవాళ్లకి లేజర్ కటింగే కావాలని చెప్పాను. రూటర్ మిషన్‌లో గిర్రున తిరిగి కోసే బిట్ లోపలి మూలల్ని గుండ్రం చేసేస్తుంది, అప్పుడిక ఈ ఫాంట్ పెట్టి లాభం లేదు.

కింద తెలుగులో కూడా పేరు కావాలి. నోటో సాన్స్ తెలుగు లైట్ అనే ఫాంట్ తీసుకుని, గీత మందం ఇంగ్లీషుకి దగ్గరగా వచ్చేదాకా సైజు మార్చుతూ పోయాను. మన అక్షరాలన్నీ గుండ్రమే, ఫ్యూచురా 'ఓ' పక్కన హాయిగా కూర్చుంటాయి. కోణం ఉన్నది తలకట్టులోనే. అది పై వరుసలోని 'వి'తో కలుస్తుంటే ఎంత ముచ్చటేసిందో! వత్తుల కోసం వరుసల మధ్య ఎడం పెంచాను.

రేపు ప్రూఫ్ వస్తుంది. ఎండలో పెట్టి చూడాలి. తెలుగు వరుస ఇంకా పల్చగా అనిపిస్తే కాస్త మందమైన రెగ్యులర్‌కి మారుస్తాను.