నాయన చెక్కభజన రికార్డులు మళ్ళీ చేతికొచ్చిన వైనం

మా నాయన రిటైరైన టీచరు. జమ్మలమడుగు, మైలవరం, ముద్దనూరు పక్క పల్లెల్లో ఎక్కడ చెక్కభజన జరిగినా వెళ్ళి వీడియో తీసుకొచ్చేవాడు. పదకొండేళ్ళ రికార్డులన్నీ ఒకే 1 టీబీ హార్డ్ డిస్కులో ఉన్నాయి. రెండో కాపీ లేదు. ఆ తప్పు నాదే, కొడుకుగా ఆ పని నేను చేసిపెట్టి ఉండాల్సింది.

ఏప్రిల్‌లో ఒకరోజు కడపలో మా ఇంట్లో ఫైళ్ళు కాపీ అవుతుండగా డిస్కు కేబుల్ ఊడింది. మళ్ళీ పెడితే 'ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడిగింది. ఫైల్ సిస్టం (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసిపెట్టుకునే ఏర్పాటు) పేరు ఉండాల్సిన చోట 'రా' అని చూపిస్తోంది, అంటే విండోస్ దాన్ని గుర్తుపట్టలేకపోయింది. నాయన నా మొహం చూసి, "పాయెనా అంతా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

టౌన్లో చూపిస్తే ఫార్మాట్ చేసి చూద్దాం అన్నారు. ఒప్పుకోలేదు. చెక్‌డిస్క్ నడపమని ఒక స్నేహితుడు చెప్పాడు. అదీ చేయలేదు. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టంను సరిచేయడం, మన ఫైళ్ళను కాపాడటం కాదు. పాడైన డిస్కు మీదే రాసేస్తుంది కాబట్టి, ఉన్నదీ పోవచ్చు. డిస్కు టకటకమని కొట్టుకుంటూ ఉంటే నేనూ ముట్టుకోకుండా డేటా తిరిగి తీసే ల్యాబ్‌కే పంపేవాణ్ణి. మాది మామూలుగానే తిరుగుతోంది, మధ్య మధ్యలో మాత్రం చదవలేక ఆగిపోతోంది.

విండోస్‌లో ఆ డిస్కు పెడితే చాలు, కంప్యూటరంతా బిగుసుకుపోయేది. విండోస్ ఊరుకోదు, దాన్ని చదవాలని పదేపదే ప్రయత్నిస్తూనే ఉంటుంది. అందుకే విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు అనే లైనక్స్ వేసుకున్నాను. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ చేస్తే ఇంకా వేగంగా జరుగుతుంది కానీ, పగలంతా ల్యాప్‌టాప్ నా పనికి కావాలి. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ ఎంచుకుని, ఈ డిస్కుకు ఒక ఫిల్టర్ పెట్టాను. దాంతో డిస్కు గుచ్చగానే విండోస్ చేతికి పోకుండా ఉబుంటుకే వెళ్తుంది.

కొత్తగా 2 టీబీ డిస్కు కొన్నాను. ముందు పాత డిస్కును ఉన్నదున్నట్టు ఇమేజ్ ఫైలుగా తీసుకుని, తర్వాత చేసేదంతా ఆ ఇమేజ్ మీదే చేయాలి. దీనికి వాడింది డీడీరెస్క్యూ. ఉబుంటులో దాని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. ఇది ముందు సులువుగా చదవగలిగినదంతా లాగేస్తుంది, మొరాయించే చోట్లను చివరికి వదిలిపెడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది.

ఆ మ్యాప్ ఫైలే మమ్మల్ని కాపాడింది. రెండో రాత్రి డిస్కు ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. చేయి పెట్టి చూస్తే కాలిపోతోంది. గంటసేపు చల్లారనిచ్చి, టేబుల్ ఫ్యాన్ దాని మీదికి తిప్పి, మళ్ళీ పెట్టాను. కమాండ్ కొట్టబోయి ఎందుకో ఆగి, డిస్కులకు లైనక్స్ పెట్టే పేర్ల లిస్టు చూశాను. ఇంతకుముందు ఎస్‌డీబీగా ఉన్న డిస్కు ఇప్పుడు ఎస్‌డీడీ అయింది! పేర్లు ఇలా మారతాయి. ఎక్కడినుంచి, ఎక్కడికి అనేది తారుమారైతే పాత డిస్కు మీదే రాసేస్తాం. సైజు, మోడల్ నంబరు రెండూ చూసుకున్నాకే ఎంటర్ కొట్టాను. ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలైంది. మొత్తం మూడు రోజులు పట్టింది. చివరికి చదవలేకపోయింది 14 ఎంబీ.

ఇమేజ్‌ను టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో తెరిస్తే బూట్ సెక్టార్ (ఫైల్ సిస్టం వివరాలుండే మొదటి ముక్క) పాడైందనీ, దాని బ్యాకప్ బాగుందనీ చూపించింది. ఆ డిస్కులో ఉన్న విండోస్ ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్, తన బూట్ సెక్టార్ నకలును పార్టిషన్ చివర దాచుకుంటుంది. ఇమేజ్‌లో ఆ నకలును ముందుకు తెచ్చి, ఫైళ్ళ లిస్టు అడిగాను. ఊర్ల పేర్లతో నాయన పెట్టుకున్న ఫోల్డర్లు వరుసగా కనపడ్డాయి. రాత్రి రెండైనా సరే, నాయనను లేపి చూపించాను.

ఒక్క ఫోల్డరు మాత్రం రాలేదు. దానికోసం ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం నడిపాను. అది ఫైల్ సిస్టంతో పని లేకుండా, ఫైలు మొదట్లో ఉండే గుర్తులను బట్టి వెతుకుతుంది. అందుకే ఫైళ్ళు దొరుకుతాయి కానీ పేర్లు రావు. ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెలు, అంతే. అలాంటి వీడియోలు 63 వచ్చాయి.

ఆ పని నాయన తీసుకున్నాడు. పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని ఒక్కొక్కటీ పెట్టి వింటాడు. బొమ్మ మసకగా ఉన్నా అడుగు, గజ్జెల దెబ్బ విని ఏ గుంపో చెప్తాడు. "ఇది మైలవరం పక్క వాళ్ళదిరా. ఆ గురువు గొంతు నాకు తెలీదా!" అని నాతో పేరు టైపు చేయిస్తాడు. నిన్నటికి 41 అయ్యాయి. వాటిల్లో ఒకదాంట్లో పల్లవి మధ్య కొన్ని సెకన్లు తెగిపోయింది. తెగిన ఆ ముక్కను నాయనే పాడాడు, ఫోన్లో రికార్డు చేసి ఆ వీడియో పక్కనే పెట్టాను. ఈసారి రెండు డిస్కుల్లో.